చిలగడదుంప ముక్కల్లో పి.ఏ.ఎల్. ఎంజైమ్‌ను కొలవడం ఎలా

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ వైపు బాటనీ, బయోకెమిస్ట్రీ చదివే తెలుగు పిల్లలకు ప్రాజెక్టు వేళ వచ్చేసరికి ఒకటే బెంగ. ల్యాబులో ఉన్న కాస్త సామానుతో ఏం చేయగలం, చేసినా అందులో చూడదగ్గది ఏముంటుంది అని. వాళ్లకు నేను చెప్పేది ఫినైల్‌అలనిన్ అమోనియా లయేజ్ ఎంజైమ్ గురించి. పేరు నోరు తిరగదు గనక పి.ఏ.ఎల్. అందాం. ముడిసరుకు వారపు సంతలోనే దొరుకుతుంది. దేశంలో చిలగడదుంప బాగా పండే రాష్ట్రాల్లో ఒడిశా ముందు వరసలో ఉంది. సంతలో కందమూళ అని అడిగితే బుట్టలకు బుట్టలు చూపిస్తారు.

పని మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి గట్టిగా గుర్తు పెట్టుకోండి. దుంపను కోసిన క్షణాన అందులో ఈ ఎంజైమ్ నామమాత్రమే ఉంటుంది. కోత పడ్డాక, ఆ గాయాన్ని మూసుకోవడానికి, కణాలు దాన్ని కొత్తగా తయారు చేసుకుంటాయి. కొన్ని గంటల్లో మొదలై ఒక రోజు నాటికి బాగా పెరుగుతుంది, ఆ తర్వాత తగ్గుముఖం పడుతుంది. కాబట్టి కోసిన ముక్క ఆ రోజంతా ప్రాణంతో ఉండాలి. ఎండినా, కుళ్లినా, వేడికి కమిలినా మీకు దక్కేది ఏమీ ఉండదు. ఈ ప్రయోగం చెడిందంటే చాలావరకు ముక్కలు ఉంచిన డబ్బాలోనే చెడి ఉంటుంది. పిల్లలు మాత్రం పరికరాన్ని అనుమానిస్తూ కూర్చుంటారు.

ఈ ఎంజైమ్ చేసే పని ఇది. ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లం నుంచి అమోనియాను విడదీసి, దాన్ని ట్రాన్స్-సిన్నమిక్ ఆమ్లంగా మారుస్తుంది. చెక్కకు గట్టిదనమిచ్చే లిగ్నిన్, పూలకు రంగిచ్చే ఆంథోసయనిన్లు, దుంపల్లో ఉండే క్లోరోజెనిక్ ఆమ్లం, ఇవన్నీ ఆ సిన్నమిక్ ఆమ్లం దగ్గర మొదలయ్యే దారిలో పుట్టేవే. 1961లో కౌకోల్, కాన్ అనే ఇద్దరు దీన్ని బార్లీ మొక్కల నుంచి తీసి చూపించారు. 1965లో జుకర్ బంగాళాదుంప ముక్కల్లో దీని పుట్టుకను గమనించాడు. జపానులో ఉరితాని బృందం చిలగడదుంప ముక్కల మీద పనిచేసింది. మీరు చేయబోయేది ఆ పాత పద్ధతే, ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

ముందు పరికరం చూసుకోండి

సిన్నమిక్ ఆమ్లానికి కంటికి కనిపించే రంగు లేదు. 290 నానోమీటర్ల దగ్గర, అంటే అతినీలలోహిత కాంతిలో, దాన్ని కొలవాలి. మీ ల్యాబులో ఉన్నది మామూలు కలరీమీటరైతే ఈ పని జరగదు, కింద చెప్పిన లిగ్నిన్ పద్ధతికి వెళ్లండి. యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్ ఉంటే అందులో అతినీలలోహిత కాంతినిచ్చే డ్యుటీరియం దీపం వెలుగుతోందో లేదో చూడండి, అరగంట ముందే వేసి ఉంచండి. క్యూవెట్, అంటే ద్రావణం పోసి పరికరంలో పెట్టే చిన్న పాత్ర, క్వార్ట్‌జ్‌దే కావాలి. గాజుదైనా మామూలు ప్లాస్టిక్‌దైనా ఆ కాంతిని మింగేస్తుంది. పెట్టెలో రెండూ కలిసిపోయి ఉంటాయి. అనుమానం వస్తే ఉత్త నీళ్లు పోసి 290 దగ్గర పెట్టండి, క్వార్ట్‌జ్ అయితే రీడింగు సున్నాకు దగ్గరగా వస్తుంది.

290 ఎందుకంటే, ముడిసరుకైన ఫినైల్‌అలనిన్ 257 నానోమీటర్ల ప్రాంతంలో కాంతిని పీలుస్తుంది, 290 దగ్గర దాదాపు పీల్చదు. సిన్నమిక్ ఆమ్లం మాత్రం అక్కడ బాగానే పీలుస్తుంది. ఆ రెంటినీ విడదీసే చోటు అది. 270 దగ్గర సిన్నమిక్ ఆమ్లం ఇంకా బాగా కనిపిస్తుంది గానీ, దుంపలోని ప్రోటీన్లు, ఫినాల్స్ (గాలి తగిలితే దుంపను నల్లబరిచే పదార్థాలు) కూడా అక్కడే అడ్డొస్తాయి.

రసాయనాలు

బరంపురం నుంచో విశాఖ నుంచో తెప్పించుకోవాలి, అందుకని నెల ముందే జాబితా ఇచ్చేయండి. కావలసినవి బోరిక్ ఆమ్లం, సోడియం హైడ్రాక్సైడ్, ఎల్-ఫినైల్‌అలనిన్, ట్రాన్స్-సిన్నమిక్ ఆమ్లం, బీటా మెర్‌కాప్టోఇథనాల్, పీవీపీపీ పొడి (ఫినాల్స్‌ను పట్టేసే, నీళ్లలో కరగని పాలిమర్). ఫినైల్‌అలనిన్ కొనేటప్పుడు సీసా మీద "ఎల్" అని ఉందో లేదో చూడండి. డీఎల్ రకం చవకగా వస్తుందని తీసుకుంటే అందులో సగమే పనికొస్తుంది. మిగతా సగం, డీ రూపం, ఎంజైమ్‌కు అతుక్కుని పనికి అడ్డుపడుతుంది.

బోరేట్ బఫర్ (పీహెచ్‌ను మారకుండా నిలబెట్టే ద్రావణం): 3.09 గ్రాముల బోరిక్ ఆమ్లాన్ని 400 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి, సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంతో పీహెచ్ 8.8కి తెచ్చి, 500 మిల్లీలీటర్లకు నింపండి. ఇది 0.1 మోలార్. ఈ ఎంజైమ్‌కు క్షారగుణం కాస్త ఎక్కువున్న చోటే నచ్చుతుంది. పైగా బోరేట్, దుంపలోని ఫినాల్స్‌ను పట్టి ఉంచి అవి నల్లబడకుండా కొంత కాపు కాస్తుంది.

ఫినైల్‌అలనిన్ ద్రావణం: 0.496 గ్రాములు ఆ బఫర్‌లోనే కరిగించి 50 మిల్లీలీటర్లు చేయండి. 60 మిల్లీమోలార్ వస్తుంది. కరిగాక పీహెచ్ మళ్లీ చూసి సరిచేయండి, చాలామంది ఈ మెట్టు వదిలేస్తారు.

పిండే బఫర్: బోరేట్ బఫర్ 100 మిల్లీలీటర్లలో 35 మైక్రోలీటర్ల మెర్‌కాప్టోఇథనాల్. కుళ్లిన గుడ్ల వాసన తల నొప్పి పుట్టిస్తుంది, విషం కూడా. కిటికీలు తీసి, గ్లవ్స్ వేసుకుని, వీలైతే ఫ్యూమ్ హుడ్‌లో కలపండి. ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి.

దుంప కోత

తెల్ల కండ ఉన్న దుంప తీసుకోండి. కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ వదిలిన భూకృష్ణ లాంటి ఊదా రకం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, దాని రంగు మీ రీడింగులో కలిసిపోతుంది. తట్టలో అడుగున నలిగిన దుంప వద్దు. గాయపడినదాంట్లో ఎంజైమ్ అప్పటికే పుట్టి ఉంటుంది, మీ సున్నా గంట లెక్క మొదట్లోనే తప్పిపోతుంది. సంత నుంచి తెచ్చాక రెండు మూడు రోజులు నీడలో ఊరికే ఉంచి అప్పుడు వాడండి.

మట్టి పోయేలా కడిగి, పల్చటి బ్లీచింగ్ నీళ్లలో కొద్ది నిమిషాలు ముంచి, మంచినీళ్లతో మళ్లీ కడగండి. కత్తిని, కార్క్ బోరర్‌ను (గుండ్రంగా తొలిచే లోహపు గొట్టం) స్పిరిట్‌తో తుడవండి. తొక్క తీసి, సెంటీమీటరు వెడల్పు బోరర్‌తో నడిమి కండలోంచి కడ్డీలు తీసి, 2 మిల్లీమీటర్ల మందాన బిళ్లలు కోయండి. కోసిన చోట తొక్కకు దగ్గరగా తెల్లటి పాలు చుక్కలు చుక్కలుగా ఉబికి వస్తాయి, వేళ్లకు అంటుకుని కాసేపటికి నల్లబడతాయి. ఆ పాలు, కోతలో తెగిన కణాల నుంచి కారిన పిండి, రసాలు బిళ్లల మీద ఉండిపోతే బూజుకు మేత పెట్టినట్టే. డిస్టిల్డ్ వాటర్‌లో రెండు మూడు సార్లు జాడించి, ఫిల్టర్ పేపర్ మీద ఆరనివ్వండి.

అన్నీ కలిపేసి, కళ్లు మూసుకుని ఏరినట్టు గుంపులు చేయండి. ఒకే దుంప బిళ్లలన్నీ ఒకే గుంపులో పడకూడదు. 5 గ్రాముల చొప్పున తూచి పెట్టుకోండి. మొదటి మూడు గుంపులు సున్నా గంటవి, వాటిని వెంటనే నూరాలి. మిగతావన్నీ సర్దేదాకా అవి బల్ల మీద ఆగితే అవి సున్నా గంటవి కావు.

మిగిలిన గుంపులను తడి ఫిల్టర్ పేపర్ పరిచిన పెట్రీ డిష్‌లలో ఒకే వరసగా పరచి, మూత పెట్టి, చీకట్లో ఉంచండి. నీళ్లు నిలవ ఉండకూడదు, బిళ్లకు గాలి ఆడాలి. 25 నుంచి 28 డిగ్రీల వేడి సరిపోతుంది. వైశాఖ మాసంలో మన గదులు అంతకు చాలా మించుతాయి. అప్పుడు నీళ్లు నింపిన పెద్ద మట్టి కుండను తడి గోనెసంచితో చుట్టి, దాని పక్కనే మూత ఉన్న డబ్బాలో డిష్‌లు పెట్టి, థర్మామీటరు కూడా లోపలే ఉంచండి. వేడి ఎంతుందో రాసుకోండి. 6, 12, 24, 48 గంటలకు మూడేసి గుంపులు తీయాలి. ఆరు గంటలది రాత్రి పడకుండా ఉదయాన్నే కోత పెట్టుకోవడం మేలు.

అదే అలమారలో పండిన అరటిపళ్లు ఉంచవద్దు. పండ్ల నుంచి వచ్చే ఎథిలీన్ వాయువు ఈ ఎంజైమ్‌ను మరింత పెంచుతుంది. ఆ సంగతినే ప్రాజెక్టు చేసుకోవాలనుకుంటే ఒక డబ్బాలో అరటిపండుతో, ఒక డబ్బాలో లేకుండా పెట్టి పోల్చవచ్చు. మంచి ప్రశ్నే అది.

రసం తీయడం

ఇక్కడి నుంచి అంతా చల్లగా జరగాలి. ల్యాబులో ఐస్ మెషీన్ లేకపోతే చేపల బజారులో ఐసు దొరుకుతుంది. థర్మోకోల్ పెట్టెలో తెచ్చుకుని, రోలు, రోకలి, గొట్టాలు, బఫరు అందులో ముందే చల్లబరచండి.

5 గ్రాముల బిళ్లలకు 10 మిల్లీలీటర్ల పిండే బఫరు, అర గ్రాము పీవీపీపీ పొడి, చిటికెడు కడిగిన ఇసుక వేసి మెత్తగా నూరండి. ఫినాల్స్ ఎంజైమ్‌కు అతుక్కుని చెడగొట్టకుండా పీవీపీపీ వాటిని పట్టేస్తుంది. రసం గోధుమ రంగుకు తిరిగితే మీరు నిదానించారని అర్థం. నాలుగు మడతల మస్లిన్ గుడ్డలో పిండి, 4 డిగ్రీల దగ్గర 10,000 జి (భూమి ఆకర్షణకు పదివేల రెట్లు) బలంతో 20 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేయండి. చిన్న సెంట్రిఫ్యూజే ఉంటే ఎక్కువసేపు తిప్పి, గొట్టాలను మధ్యలో ఐసులో పెట్టి చల్లబరుస్తూ ఉండండి. రసం కాస్త మబ్బుగా ఉన్నా బ్లాంకు (కింద చెప్పే పోలిక గొట్టం) సరిగా పెడితే పని నడుస్తుంది. పైన తేరిన రసాన్ని కదపకుండా తీసి, ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో కొలిచి రాయండి. దుంపలోని నీరు కలవడం వల్ల పోసిన 10 కంటే ఎక్కువే రావచ్చు, లెక్కకు ఆ అంకే కావాలి.

కొంచెం రసాన్ని వేరే గొట్టంలో తీసి, మరిగే నీళ్లలో పది నిమిషాలు ఉంచి, గడ్డలు కట్టినది సెంట్రిఫ్యూజ్‌లో దింపేయండి. అది చచ్చిన ఎంజైమ్ ఉన్న రసం. అది కూడా సిన్నమిక్ ఆమ్లం ఇస్తున్నట్టు రీడింగు వస్తే, మీరు చూస్తున్నది ఎంజైమ్ పని కాదు.

కొలత

ఒక్కో గొట్టంలో బోరేట్ బఫరు 1.5 మిల్లీలీటర్లు, ఫినైల్‌అలనిన్ ద్రావణం 1 మిల్లీలీటరు వేసి, 37 డిగ్రీల నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచండి. తర్వాత రసం 0.5 మిల్లీలీటరు కలిపి గడియారం చూసుకోండి. మొత్తం 3 మిల్లీలీటర్లు.

పక్కనే బ్లాంకు గొట్టం ఉండాలి. అందులో ఫినైల్‌అలనిన్‌కు బదులు 1 మిల్లీలీటరు ఉత్త బఫరు, మిగతావన్నీ అవే. దుంప రసం ఊరికే ఉంచినా నల్లబడుతూ రీడింగు పెంచుతుంది, ఆ పెరుగుదలను తీసేయడానికి ఇది తప్ప దారి లేదు. బ్లాంకు ఒక్కసారి చూసి ఊరుకోకండి. నమూనా ఎన్నిసార్లు చూస్తే బ్లాంకు కూడా అన్నిసార్లు చూడాలి.

రసం కలపగానే ఒకసారి, 30 నిమిషాలకు ఒకసారి, 60 నిమిషాలకు ఒకసారి 290 దగ్గర అబ్జార్బెన్స్ (ద్రావణం కాంతిని ఎంత పీల్చిందో చెప్పే అంకె) చదవండి. మొదటి అరగంట పెరుగుదల, రెండో అరగంట పెరుగుదల దాదాపు ఒకటిగా ఉండాలి. రెండోది బాగా తగ్గితే రసాన్ని పలుచన చేసి మళ్లీ పెట్టండి. తయారైన సిన్నమిక్ ఆమ్లమే ఎంజైమ్‌ను వెనక్కి లాగుతుంది. కరెంటు పోతే కంగారు పడకండి. 37 డిగ్రీల నీళ్లు నింపిన థర్మాస్ ఫ్లాస్కులో గొట్టాలు దింపి, మూతికి గుడ్డ చుడితే గంటసేపు వేడి పెద్దగా తగ్గదు.

కొన్ని పుస్తకాల్లో చివర ఆమ్లం పోసి చర్యను ఆపమంటారు. ఆపవచ్చు గానీ ఆమ్లంలో సిన్నమిక్ ఆమ్లం కాంతిని పీల్చే తీరు మారిపోతుంది. అప్పుడు ప్రమాణ రేఖ (తెలిసిన గాఢతలతో గీసే పోలిక రేఖ) కూడా అదే ఆమ్లంలో గీయాలి. అంత అవసరం లేకపోతే ఆమ్లం జోలికి పోకండి.

ప్రమాణానికి 14.8 మిల్లీగ్రాముల ట్రాన్స్-సిన్నమిక్ ఆమ్లాన్ని 10 మిల్లీలీటర్ల ఇథనాల్‌లో కరిగించండి, అది 10 మిల్లీమోలార్. ఆ సీసాకు నల్ల కాగితం చుట్టండి. ఎండ తగిలితే ట్రాన్స్ రూపం సిస్‌గా మారిపోతుంది. దాంట్లోంచి 50 మైక్రోలీటర్లు బోరేట్ బఫర్‌లో కలిపి 10 మిల్లీలీటర్లు చేస్తే 50 మైక్రోమోలార్ అవుతుంది. పీహెచ్ 8.8 దగ్గర సిన్నమిక్ ఆమ్లానికి అందరూ వాడే మోలార్ గుణకం (సెంటీమీటరు మందం ఉన్న ఒక మోలార్ ద్రావణానికి వచ్చే అబ్జార్బెన్స్) 9,630. ఆ లెక్కన మీ రీడింగు 0.48 చుట్టుపక్కల రావాలి. రాకపోతే దుంప మీద పడకముందే పరికరం, తూకం సరిచూసుకోండి.

లెక్క

లెక్క చూపడానికి మాత్రమే ఒక అంకె అనుకుందాం. గంటలో నమూనా పెరుగుదల నుంచి బ్లాంకు పెరుగుదల తీసేస్తే 0.193 మిగిలింది. దాన్ని 9,630తో భాగిస్తే 20 మైక్రోమోలార్. 3 మిల్లీలీటర్లలో అది 60 నానోమోల్స్. ఇవి 0.5 మిల్లీలీటరు రసం చేసిన పని. మొత్తం రసం 12 మిల్లీలీటర్లు వచ్చిందనుకుంటే 60ని 24తో గుణించి 1,440, దాన్ని 5 గ్రాములతో భాగిస్తే గ్రాముకు గంటకు 288 నానోమోల్స్. ప్రోటీన్ కొలిచే వీలుంటే మిల్లీగ్రాము ప్రోటీన్‌కు ఎంతో కూడా ఇవ్వండి, ఎగ్జామినర్ అడిగేది అదే. సున్నా, 6, 12 ఇలా ఒక్కో సమయానికి కనీసం మూడు గుంపులు విడిగా చేసి సగటు, తేడా రాయాలి. ఒకే రసాన్ని మూడుసార్లు కొలిచి మూడు నమూనాలని రాయడం తప్పు.

సున్నా గంట నుంచి 24 గంటల దాకా రేఖ పైకి లేవకపోతే వరసగా ఇవి చూడండి. బిళ్లలు వేళ్లకు జారుతున్నాయా, పుల్లటి వాసన వస్తోందా? అయితే కుళ్లాయి. అంచులు ముడుచుకున్నాయా? ఎండాయి. సున్నా గంటలోనే అంకె పెద్దగా ఉందా? దుంప ముందే గాయపడింది. ఇవేవీ కావంటే ఫినైల్‌అలనిన్ ద్రావణం పీహెచ్ చూడండి.

యూవీ పరికరం లేని కాలేజీల్లో

ఎంజైమ్‌ను నేరుగా కొలవలేకపోయినా అది మొదలుపెట్టిన పని ఫలితాన్ని కంటితో చూడవచ్చు. దుంపను పెద్ద ముక్కలుగా కోసి, తేమ ఉన్న డబ్బాలో 30 డిగ్రీల దగ్గర నాలుగైదు రోజులు ఉంచండి. మరికొన్ని ముక్కలను కోయగానే ఉడికించి, చల్లార్చి, అలాగే ఉంచండి. తర్వాత కోత ముఖానికి అడ్డంగా పల్చటి పొరలు తీసి, ఇథనాల్‌లో కలిపిన 1 శాతం ఫ్లోరోగ్లూసినాల్ ఒక చుక్క, గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క వేసి మైక్రోస్కోపు కింద చూడండి. లిగ్నిన్ ఉన్న చోట చెర్రీపండు ఎరుపు తేలుతుంది. బతికిన ముక్కలో కోత అంచున ఆ ఎరుపు పొరలా కనబడుతుంది, ఉడికినదాంట్లో ఆ కొత్త పొర ఉండదు. నీటి నాళాలు మాత్రం రెండింట్లోనూ ఎర్రబడతాయి, వాటిని చూసి మోసపోవద్దు. ఆమ్లం ఆవిరి లెన్సును తినేస్తుంది కనుక కవర్‌స్లిప్ తప్పనిసరి.

దుంప తవ్వాక 30 డిగ్రీల ప్రాంతంలో, బాగా తేమగా, నాలుగు నుంచి ఏడు రోజులు ఉంచి ఆ తర్వాత నిలవ చేయమని రైతులకు చెప్పేది కూడా ఈ గాయం మానడం కోసమే. మీ ఇంట్లో దుంప పండిస్తుంటే ఈ పొరలు నాన్నగారికి చూపించండి.

ఇతర మొక్కలు, శిలీంధ్రాలు, బాక్టీరియా

చిలగడదుంప మీద చేయి తిరిగాక చోళ్ల (రాగుల) మొలకలతో ప్రయత్నించవచ్చు. మొక్కజొన్న లాంటి గడ్డి జాతి పైర్లలో ఈ ఎంజైమ్ టైరోసిన్ మీద కూడా పనిచేస్తుంది. అప్పుడు వచ్చేది పారా-కౌమారిక్ ఆమ్లం, దాన్ని 310 దాటిన చోట కొలవాలి. చోళ్లు కూడా ఆ జాతిదే.

శిలీంధ్రాల్లో ఈ పనికి పేరున్నది రోడోటోరులా అనే గులాబీ రంగు ఈస్ట్. మొక్క ఈ ఎంజైమ్‌తో కొత్త పదార్థాలు కడుతుంది, ఈ ఈస్ట్ మాత్రం ఫినైల్‌అలనిన్‌ను తిని జీర్ణం చేసుకోవడానికి వాడుతుంది. అందుకే పెంచే ద్రవంలో ఫినైల్‌అలనిన్ కలిపితేనే ఎంజైమ్ బాగా పుడుతుంది, అది అయిపోగానే పడిపోతుంది. కల్చరును చండీగఢ్‌లో సూక్ష్మజీవులను భద్రపరిచే ఎం.టి.సి.సి. నుంచి కాలేజీ పేరు మీద తెప్పించుకోవాలి. రొట్టెలకు వాడే మామూలు ఈస్ట్‌లో పి.ఏ.ఎల్. లేదు. దాన్ని పక్కన పెట్టి పోల్చడానికి వాడుకోండి, కిరాణా కొట్టులో దొరుకుతుంది. రెండింటికీ గోడ గట్టిది, రోట్లో నూరితే పగలదు. చల్లటి బఫర్‌లో సన్నటి గాజు పూసలు వేసి వోర్టెక్స్ (గొట్టాన్ని వేగంగా కుదిపే పరికరం) మీద ఆపి ఆపి తిప్పాలి.

బాక్టీరియాలో ఇది అరుదు. స్ట్రెప్టోమైసిస్ మారిటిమస్, ఫోటోరాబ్డస్ లూమినెసెన్స్, అనబీనా వేరియబిలిస్ లాంటి కొన్నింటిలోనే కనిపించింది. అయినా మనిషి వైద్యానికి పనికొచ్చింది వీటిలో ఒకటే. ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే జబ్బులో ఫినైల్‌అలనిన్ ఒంట్లో పేరుకుపోయి మెదడును దెబ్బతీస్తుంది. అనబీనా ఎంజైమ్‌ను పెగ్ అనే పాలిమర్‌తో కప్పి తయారుచేసిన పెగ్‌వాలియేజ్ సూది మందును 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఏ. పెద్దవాళ్లకు అనుమతించింది. జంతువుల్లో ఈ ఎంజైమ్ లేదు, అందుకే బయటి నుంచి ఇవ్వాల్సి వచ్చింది. డిగ్రీ ల్యాబులో బాక్టీరియా జోలికి వెళ్లాల్సిన పని లేదు గానీ, ప్రాజెక్టు పుస్తకం ముందుమాటలో ఈ సంగతి తప్పకుండా రాయండి.

రోడోటోరులాతో పనిచేస్తే వాడిన ద్రవాన్ని, గొట్టాలను ఆటోక్లేవ్ చేశాకే (ఒత్తిడితో కూడిన ఆవిరిలో ఉడికించాకే) కడగండి. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు అది జబ్బు చేయగలదు. మెర్‌కాప్టోఇథనాల్ కలిసిన బఫరును సింకులో పారబోయకుండా మూత ఉన్న సీసాలో పోసి, చీటీ అంటించి, ల్యాబ్ ఇన్‌చార్జికి అప్పగించండి.